గ్రౌండు ఎవరిది? గల్లా ఎవరిది?

నేను నాలుగో తరగతి దాకనే చదువుకున్నోణ్ణి. ముప్పై ఒక్క ఏండ్లు మిల్లులో సాంచాల మీద పనిచేసి, ఇప్పుడు బీదర్‌లో పెద్దకొడుకు ఇంట్లో ఉంటున్న. మన పత్రికలో ప్రావిడెంట్ ఫండ్ గురించి, పెన్షన్ గురించి ఎందరో రాసిండ్రు. నేను ఈసారి ఫుట్‌బాల్ గురించి రాస్తున్న. "ఈ ముసలోనికి బంతాటతో ఏం పని" అని నవ్వకుండ్రి. ఎన్ని గోల్సు కొట్టిండ్రన్నది నా సంగతి కాదు. పగారు నా సంగతి.

మా మనుమనికి ఇప్పుడు పదిహేడేండ్లు. బంతి కాలికి అంటుకొనే పుట్టిండు అంటది మా ఇంటామె. పదో తరగతి అయినంక ఐటీఐలో వేసినం. దసరా అయినంక ఒకరోజు వచ్చి, "తాతా, ఐటీఐ బంద్ చేస్త. ఒక క్లబ్బోళ్లు ట్రయల్‌కు పిలిచిండ్రు. తీసుకుంటే నెలకు ఇంత అని ఇస్తరట" అన్నడు. వాళ్ల నాయన కోపంతో కంచం ముందు నుంచి లేచిపోయిండు. రెండు రోజులు ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. ఆఖరికి కొడుకే నా దగ్గరికొచ్చి, "నాయినా, నువ్వు మిల్లు మూతపడంగ చూసినోడివి. వానికి నువ్వే చెప్పు" అన్నడు.

చెప్పాలంటే నాకు తెలవాలి కదా. అందుకని మనుమణ్ణే కూర్చోబెట్టిన. "ఈ క్లబ్బులకు పైసలు ఎక్కడినుంచి వస్తయి, ఎక్కడికి పోతయి, అది చదివి చెప్పు. నేను రాసుకుంట" అన్న. రెండు నెలలు వాడు పేపర్లు, పుస్తకాలు, ఫోనులో వార్తలు చదివి చెప్పిండు. నేను నోటుబుక్కులో రాసుకున్న. అందులో మన ఇండ్లకు పనికొచ్చేది ఇక్కడ రాస్తున్న.

హైదరాబాద్ టీము కథ

బీదర్ నుంచి హైదరాబాద్ మనకు దూరం కాదు. జహీరాబాద్, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా బస్సు. 1956 దాకా మన జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండె. అందుకే మన బస్తీ పోరగాండ్లు ఇప్పటికీ హైదరాబాద్ టీమునే మన టీము అనుకుంటరు.

మా నాయన కాలంలో మన టీము అంటే హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్పు వరుసగా ఐదుసార్లు గెలిచింది. వాళ్ల కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన చేతికిందనే ఇండియా 1951లో, మళ్లీ 1962లో ఏషియన్ గేమ్స్ బంగారం గెలిచింది. 'మైదాన్' సినిమా ఆయన మీద తీసిందే. ఆ టీములో ఆడినోళ్లకు బువ్వ పెట్టింది పోలీసు నౌకరి. మ్యాచ్ చూడటానికి జనం వచ్చినా రాకున్నా నౌకరి పగారు నౌకరి పగారే.

ఇప్పటి టీములు అట్ల కాదు. ఇప్పుడు క్లబ్బు అంటే ఒక కంపెనీ. ఆటగాడు దాంట్లో కాంట్రాక్టు కార్మికుడు. 2019లో పూణేలో ఒక క్లబ్బు పైసల ఇబ్బందులతో మూతపడితే, దాని జాగాలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. పసుపు రంగు జెర్సీ. ఆడే చోటు గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం. మూడేండ్లు తిరగకముందే, 2022 మార్చి 20న గోవాలో ఫైనల్ ఆడి, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిండు. ఆ రాత్రి మా మనుమడు, వానికి అప్పుడు పదమూడేండ్లు, గల్లీ అంత ఉరికిండు. తర్వాతి ఏడు కూడా లీగ్‌లో రెండో స్థానం.

అంత మంచి టీము రెండేండ్లలో ఏమైందో చూడుండ్రి. 2023-24లో పగార్లు ఆగిపోయినయి. బాకీ కట్టలేదని కొత్త ఆటగాళ్లను తీసుకోకుండ ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ పోయిండ్రు, పేరున్న మనదేశపు ఆటగాళ్లు కూడా చాలమంది జనవరిలో వెళ్లిపోయిండ్రు. మిగిలినోళ్లు ఎక్కువగా చిన్న పోరగాండ్లే. వాళ్లతోనే సీజన్ నడిపిండ్రు. 22 మ్యాచుల్లో ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, అందరికన్నా ఆఖరు. 2024లో బీసీ జిందాల్ గ్రూపు క్లబ్బును తీసుకున్నది. ఇంకొక ఏడు ఆడి, 2025 అక్టోబర్‌లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మారింది, ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. పూణే నుంచి హైదరాబాద్‌కు వచ్చిన తొవ్వనే ఢిల్లీకి పోయింది.

మనుమడు ఇది చదువుతుంటే గొంతు పట్టుకున్నది. నాకు మాత్రం ఇది తెలిసిన కథ లెక్కనే అనిపించింది. మేం పనిచేసిన మిల్లులో కూడా బట్ట మంచిగనే వస్తుండె. నాణ్యం లేక మూతపడలేదు. ఒక నెల పగారు పదిరోజులు ఆలస్యం, ఇంకో నెల సగం, ఆ తర్వాత గేటుకు నోటీసు. టీము మంచిగ ఆడుడు వేరు, టీముకు లెక్క కుదురుడు వేరు.

గల్లాపెట్టె లెక్క

ఫుట్‌బాల్ క్లబ్బుకు పైసలు వచ్చే తొవ్వలు నాలుగు. ఒకటి టికెట్లు, గ్రౌండులో చాయ్, సమోసా, పార్కింగ్. రెండు టీవీ వాళ్లు లీగ్‌కు కట్టేదాంట్లో వాటా. మూడు జెర్సీ మీద, గోడల మీద ప్రకటనలు. నాలుగు యజమాని జేబు.

మొదటిదే చూద్దం. ఇది నేను అర్థం కావడానికి వేసిన లెక్క, ఏ క్లబ్బు ఖాతాలోది కాదు. ఒక మ్యాచ్‌కు 10,000 మంది వచ్చిండ్రనుకుందం. తలా 200 రూపాయల టికెట్ అనుకుందం. 20 లక్షలు. లీగ్‌లో సొంత గ్రౌండులో 11 మ్యాచులు ఆడితే 2 కోట్ల 20 లక్షలు. అందులో నుంచి గ్రౌండు కిరాయి, లైట్ల కరెంటు, బందోబస్తు, ఊడ్చేటోళ్ల కూలి, పన్ను తీసెయ్యాలి.

ఇప్పుడు ఖర్చు పక్క చూడుండ్రి. ఇండియన్ సూపర్ లీగ్‌లో పగార్లకు ఒక గీత గీసిండ్రు. హైదరాబాద్ కప్పు గెలిచిన రోజుల్లో ఆ గీత ఏడాదికి 16 కోట్ల 50 లక్షలు. అంతకు మించి ఆటగాళ్లకు ఇవ్వొద్దన్నరు. ఆ గీత దాకా పోయిన క్లబ్బుకు పగార్లే నా టికెట్ లెక్కకు ఏడున్నర రెట్లు. కోచ్‌లు, విమానాలు, హోటళ్లు, లీగ్‌కు కట్టే ఫీజు దాని మీద.

మరి మిగతాది ఎక్కడినుంచి వస్తది? టీవీ వాటా, ప్రకటనలు కొంత. మిగిలింది నాలుగో తొవ్వ, యజమాని జేబు. అంటే యజమానికి ఇష్టం ఉన్నన్ని రోజులే టీము. ఆయన వేరే వ్యాపారంలో నష్టం వచ్చినా, మనసు విరిగినా, ఒక్క సంతకంతో బంద్.

ఇంకొక మాట. 2020-21లో, 2021-22లో కరోనా కారణంగ లీగ్ మొత్తం గోవాలోనే జరిపిండ్రు. అంటే హైదరాబాద్ కప్పు గెలిచిన ఏడు గచ్చిబౌలిలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా లేదు, ఒక్క టికెట్ కూడా తెగలేదు. కప్పు వచ్చింది గాని గల్లా ఖాళీ.

కిరాయి గ్రౌండు

బాలయోగి స్టేడియం సర్కారుది. 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది. క్లబ్బు అక్కడ కిరాయిదారుగ ఉండె. మన దేశంలో చాలా క్లబ్బులు ఇట్లనే సర్కారు గ్రౌండుల్లో ఆడుతయి. బెంగుళూరులో కంఠీరవ స్టేడియం కూడా సర్కారుదే. సర్కారు గ్రౌండు ఉండుడు తప్పు కాదు, అది అందరిది. కాని కిరాయిదారుకు మ్యాచ్ రోజు తప్ప మిగతా దినాల్లో అక్కడ రూపాయి పుట్టదు. దుకాణం పెట్టలేడు, పెండ్లికి కిరాయికి ఇయ్యలేడు, దాన్ని చూపించి బ్యాంకులో అప్పు తేలేడు.

ఇది ఎంత దూరం పోతదో ఇంగ్లండ్‌లో కోవెంట్రీ అనే ఊరు చూపించింది. అది కార్లు తయారుచేసే కార్మికుల ఊరు. కోవెంట్రీ సిటీ క్లబ్బు హైఫీల్డ్ రోడ్ అనే సొంత గ్రౌండులో 1899 నుంచి 2005 దాకా ఆడింది. ఆ గ్రౌండు అమ్మేసి, ఊరి బయట కట్టిన పెద్ద కొత్త స్టేడియంలోకి కిరాయికి పోయింది. టికెట్ పైసలు క్లబ్బుకు వచ్చినయి గాని, తిండి, పార్కింగ్ వంటి రాబడి గ్రౌండు కంపెనీకి పోయింది. ఆడేది వీళ్లు, జనాన్ని తెచ్చేది వీళ్లు, చాయ్ పైసలు వేరేటోళ్లకు. 2012లో క్లబ్బు కిరాయి కట్టుడు ఆపింది. కొట్లాట ముదిరి 2013లో సొంత ఊరు ఇడిచిపెట్టి నార్తాంప్టన్‌లో ఆడింది. మనం బీదర్ నుంచి హుమ్నాబాద్ పోయినంత దూరం. ఏడాది తర్వాత తిరిగొచ్చింది. ఈ నడుమ ఒక రగ్బీ క్లబ్బు ఆ స్టేడియంనే కొనేసింది. 2019లో మళ్లీ ఊరు ఇడిచి రెండు సీజన్లు బర్మింగ్‌హామ్‌లో ఆడవలసి వచ్చింది. ఆఖరికి 2025 ఆగస్టులో క్లబ్బు యజమాని ఆ స్టేడియంను కొన్నడు. ఒకసారి అమ్ముకున్న ఇల్లు తిరిగి చేతికి రావడానికి ఇరవై ఏండ్లు.

మన బస్తీలో ఒకాయన ఇల్లు అమ్మి ఆటో కొన్నడు. తర్వాత ఆటో మీద వచ్చింది మొత్తం ఇంటి కిరాయికే పోయింది. కోవెంట్రీ కథ విన్నంక నాకు ఆయనే గుర్తొచ్చిండు.

పగారు గీత రెండు రకాలు

కార్మికునికి పగారు గీత అంటే కోపం వస్తది. నాకూ మొదట వచ్చింది. "ఎక్కువ ఇయ్యొద్దు అని చెప్పుడు ఏంది?" అన్న. ఇంగ్లండ్‌లో 1901లో అట్లాంటి గీతే గీసిండ్రు, వారానికి 4 పౌండ్లు. స్టేడియంలు నిండుతున్నా, యజమానులు సంపాదిస్తున్నా ఆటగానికి గీత దాటి రాదు. 1961 నాటికి అది 20 పౌండ్లు. అప్పుడు ఆటగాళ్ల యూనియన్, జిమ్మీ హిల్ నాయకత్వంలో, సమ్మె నోటీసు ఇచ్చింది. జనవరిలో గీత చెరిపేసిండ్రు. కొద్ది రోజుల్లోనే జానీ హేన్స్ అనే ఆటగాడు వారానికి 100 పౌండ్లు తీసుకున్నడు. అది యూనియన్ గెలుపు, మంచిదే.

కాని ఇప్పటి గీత వేరే. ఇది కార్మికుణ్ణి తొక్కడానికి కాకుండ, క్లబ్బు తన తాహతు మించి పోకుండ ఆపడానికి. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకో అని చెప్పుడు. దీంట్లో రెండు రకాలున్నయి.

మొదటి రకం, రాబడి మీద గీసే గీత. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ పెట్టిన నియమం ప్రకారం, దాని పోటీల్లో ఆడే క్లబ్బు ఆటగాళ్ల పగార్లు, కొనుగోళ్లు, ఏజెంట్ల ఖర్చు కలిపి రాబడిలో నూటికి 70 మించొద్దు. మొదట 90 అని మొదలుపెట్టి, తర్వాత 80, ఇప్పుడు 70కి తెచ్చిండ్రు. స్పెయిన్ లీగ్‌లో ఇంకా గట్టిగ ఉంటది. సీజన్‌కు ముందే ఒక్కొక్క క్లబ్బు రాబడి, అప్పులు చూసి, నువ్వు ఇంతవరకే ఖర్చు పెట్టాలని చెప్తరు. దాటితే ఆటగాని పేరే నమోదు కాదు. మెస్సీ తెలుసు కదా, మన గల్లీల్లో కూడా వాని జెర్సీలు ఉన్నయి. 2021 ఆగస్టులో వాడు బార్సిలోనా ఇడిచిపోయింది ఈ గీత వల్లనే. క్లబ్బు ఉంచుకుంటనన్నది, మెస్సీ ఉంటనన్నడు. కాని లెక్కలో జాగ లేదు.

రెండో రకం, అందరికీ ఒకటే అంకె. మన దేశంలో ఆ రోజుల్లో ఉన్న 16 కోట్ల 50 లక్షల గీత ఇదే. కోటీశ్వరుల క్లబ్బుకూ అదే, గల్లా ఖాళీ ఉన్న క్లబ్బుకూ అదే. పెద్ద క్లబ్బు చిన్న క్లబ్బును మింగకుండ ఇది కొంత ఆపుతది. కాని రాబడి 5 కోట్లు ఉన్నోణ్ణి 16 కోట్లు ఖర్చు పెట్టకుండ ఆపదు. పైగా ఎదుటోడు గీత దాకా పోతున్నడని వీడూ పోతడు, లేకుంటే ఓడిపోతడు.

గీత ఎంత అనే చెప్తది. పగారు ఏ తారీఖున పడుతది, పడకుంటే ఎవరు బాధ్యులు అన్నది గీత చెప్పదు. మనకు 1936 నాటి వేతన చెల్లింపు చట్టం ఉండె. వెయ్యి మందికన్నా తక్కువ ఉన్న కార్ఖానాలో 7వ తారీఖు లోపల, ఎక్కువ ఉంటే 10వ తారీఖు లోపల పగారు పడాలి అని. తారీఖు రాసి ఉన్నది కాబట్టే మేం గేటు ముందు నిలబడి అడగగలిగినం. నన్నడిగితే కార్మికునికి పై గీత కన్నా ఈ తారీఖు గీతే ముఖ్యం.

నాడె పుట్టిన ఊరు

ఇంగ్లండ్‌లోనే బరీ అనే ఊరున్నది, మాంచెస్టర్ పక్కన. మన సాంచాలోళ్లు ఈ ఊరి పేరు గుర్తుపెట్టుకోవాలి. 1733లో ఫ్లయింగ్ షటిల్, అంటే తాడు గుంజితే అటుఇటు తనకుతానే ఉరికే నాడె, కనిపెట్టిన జాన్ కే ఆ ఊరోడే. పత్తి మిల్లుల ఊరు. మిల్లు కార్మికులు శనివారం సగం పూట సెలవు దొరికితే మ్యాచ్‌కు పోయేటోళ్లు. 1885లో పెట్టిన బరీ క్లబ్బు 1900లో, 1903లో ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పాత కప్పు, ఎఫ్‌ఏ కప్పు, గెలిచింది. 1903 ఫైనల్లో 6-0.

మిల్లులు పోయినంక కూడా క్లబ్బు మిగిలింది. కాని రాబడి చిన్నది, ఆశ పెద్దది. వాళ్ల స్థాయి లీగ్‌లో కూడా పగారు గీత ఉండె, రాబడిలో ఇంత శాతం అని. అయితే యజమాని తెచ్చి పెట్టిన సొమ్మును కూడా రాబడి కిందనే లెక్కగట్టనిచ్చిండ్రు. కాగితం మీద గీత దాటలేదు, యజమాని చెయ్యి తీస్తే మాత్రం కింద నేల లేదు. గిగ్ లేన్ అనే గ్రౌండును కూడా తాకట్టు పెట్టిండ్రు. 2018 డిసెంబర్‌లో క్లబ్బును ఒక్క పౌండుకు అమ్మిండ్రు. 2019 వసంతంలో ఆటగాళ్లు పగార్లు సరిగ లేకున్నా ఆడి పై డివిజన్‌కు పోయిండ్రు. ఆ ఏడు ఆగస్టు 27న లీగ్ వాళ్లు క్లబ్బును తీసేసిండ్రు. క్లబ్బు నడపగల పైసలున్నయని చూపించలేకపోయినందుకు.

తర్వాత ఊరోళ్లే చందాలు వేసుకొని, సర్కారు సాయం కూడా తీసుకొని, 2022లో గిగ్ లేన్‌ను కొన్నరు. 2023 నుంచి అక్కడ మళ్లీ ఆట మొదలైంది, కింది స్థాయిలో. ఈసారి గ్రౌండు ఊరోళ్ల చేతిలో ఉన్నది.

మన దేశంలో కూడా ఒక మిల్లు టీము ఉండె. పంజాబ్‌లో ఫగ్వాడా ఊరు, జేసీటీ బట్టల మిల్లు. 1996-97లో మొట్టమొదటి జాతీయ ఫుట్‌బాల్ లీగ్ గెలిచింది ఆ మిల్లు టీమే. బైచుంగ్ భూటియా, ఐ.ఎం. విజయన్ దాంట్లో ఆడిండ్రు. కంపెనీ నలభై ఏండ్లు టీమును నడిపి 2011లో మూసేసింది. కంపెనీ పైసల మీద నడిచిన టీము, కంపెనీ వద్దనుకున్న రోజు పోయింది.

అందరి పగారు ఒకే తాడు మీద

ఒక్క హైదరాబాద్‌కే కాదు, దేశం మొత్తానికి ఈ కష్టం వచ్చింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో లీగ్ హక్కులను 15 ఏండ్లకు, 700 కోట్లకు ఒక కంపెనీకి ఇచ్చింది. టీవీ, ప్రకటనలు, లీగ్ నడుపుడు అంత వాళ్ల చేతిలో. ఆ ఒప్పందం 2025 డిసెంబర్ 8తో అయిపోతదని అందరికీ ముందే తెలుసు. కొత్త ఒప్పందం కాలేదు. జూలైలోనే, ఈ సీజన్ ఆపి పెడుతున్నం అన్నరు. ఆగస్టులో బెంగుళూరు క్లబ్బు ఆటగాళ్లకు, సిబ్బందికి పగార్లు ఆపుతున్నట్లు చెప్పింది. వేరే క్లబ్బులు కూడా పని బంద్ పెట్టినయి. నవంబర్‌లో హక్కుల కోసం టెండర్ పిలిస్తే ఒక్కరూ రాలేదు. సుప్రీంకోర్టు దాకా పోయినంక, సర్కారు నడుమ పడి, 2026 ఫిబ్రవరిలో చిన్న సీజన్ మొదలుపెట్టిండ్రు.

అంటే ఒక్క కాగితం గడువు తీరితే వందల మంది పగారు ఆగింది. పేర్లు తెలిసిన ఆటగాళ్లు ఎట్లనో బతుకుతరు. బూట్లు తుడిచేటాయన, గడ్డి కోసేటాయన, బస్సు డ్రైవర్, బట్టలు ఉతికే అమ్మ, వాళ్ల గురించి ఏ పేపరూ రాయలేదు. మిల్లు మూతపడ్డప్పుడు క్యాంటీన్ అమ్మ గురించి కూడా ఎవరూ రాయలేదు.

మా బస్తీ టీము పుస్తకం

ఇవన్నీ కోట్ల ముచ్చట్లు, మనకేంది అనకుండ్రి. మా బస్తీలో కూడా పోరగాండ్ల టీము ఉన్నది. దాని లెక్క పుస్తకం రాసేది నేనే. పోయిన టోర్నమెంటుకు ఇంటింటికి తిరిగి జమ చేస్తే 11,400 రూపాయలు వచ్చినయి. ఎంట్రీ ఫీజు, బంతి, జెర్సీలు, టెంపో కిరాయి పోను 2,000 మిగిలింది. అప్పుడు పోరగాండ్లు, "తాతా, బయటినుంచి ఇద్దరు మంచి ఆటగాళ్లను తెద్దం. తలా మూడువేలు ఇస్తే చాలు" అన్నరు. "ఎక్కడినుంచి ఇస్తరు?" అన్న. "గెలిచినంక ప్రైజ్ మనీ వస్తది కదా" అన్నరు.

నేను ఒప్పుకోలేదు. "గెలవకుంటే ఆ ఇద్దరూ నా ఇంటి ముందు నిలబడతరు. పనిచేయించుకొని పగారు ఎగ్గొట్టినోడు అన్న పేరు ఈ వయసులో నాకొద్దు" అన్న. నాలుగు దినాలు నాతో మాట్లాడలేదు. సెమీఫైనల్లో ఓడిపోయిండ్రు. ఓడిపోయి కూడా బాకీ లేకుండ ఇంటికొచ్చిండ్రు. ఇప్పుడు మ్యాచ్ రోజు గ్రౌండు అంచున చాయ్, మిర్చిబజ్జి మన ఆడోళ్లే పెడుతున్నరు. దాంట్లో రూపాయికి నాలుగణాలు టీము పుస్తకంలోకి వస్తది. చిన్నదే గాని అది ఎవరి దయ మీదా లేదు.

మనుమనికి చెప్పింది

ఇంత తెలుసుకున్నంక మనుమణ్ణి, వాళ్ల నాయనను కూర్చోబెట్టి చెప్పిన. "ట్రయల్‌కు పో బిడ్డా, నేను ఆపను. కాని సంతకం పెట్టే ముందు ఈ సంగతులు అడగాలె." మీ ఇండ్లల్లో కూడా ఆడే పిల్లలు ఉంటే ఇవి రాసి పెట్టుకోండి.

మొదటిది, నోటి మాట పగారు కాదు. కాగితం ఉండాలె, దాని నకలు మన చేతిలో ఉండాలె. ఆ ఆటగాని పేరు ఫుట్‌బాల్ సమాఖ్య రిజిస్ట్రేషన్‌లో ఎక్కాలె. కాంట్రాక్టు లేకుంటే రేపు ఎక్కడా అడగలేం.

రెండోది, పద్దెనిమిది నిండని పిల్లలతో మూడేండ్లకు మించి కాంట్రాక్టు రాయించుకోవద్దని ఫిఫా నియమం ఉన్నది. ఐదేండ్లకు కట్టేస్తమంటే ఒప్పుకోవద్దు.

మూడోది, రెండు నెలల పగారు ఆగితే, క్లబ్బుకు కనీసం పదిహేను రోజుల గడువు ఇచ్చి నోటీసు రాసి, అప్పటికీ కట్టకుంటే ఒప్పందం తెంపుకునే హక్కు ఆటగానికి ఉన్నది. ఇది కూడా ఫిఫా నియమమే. నోటీసు రాతపూర్వకంగ ఉండాలె.

నాలుగోది, క్లబ్బుకు లైసెన్స్ వచ్చిందా అని అడగాలె. ఆసియా ఫుట్‌బాల్ సంఘం లైసెన్స్ నియమాల్లో, ఆటగాళ్లకు, సిబ్బందికి పాత బాకీలు లేవని చూపించాలన్నది ఒకటి. లైసెన్స్ రాలేదంటే ఎందుకు రాలేదో తెలుసుకోవాలె.

ఐదోది, పోయిన ఏడు ఆడిన ఆటగాణ్ణి ఒకణ్ణి పట్టుకొని అడగాలె, పగారు ఏ తారీఖున పడింది అని. కప్పుల సంగతి తర్వాత. మనం మిల్లులో చేరేటప్పుడు కూడా మొదలు ఇదే కదా అడిగినం.

ఆరోది, ఆటగాళ్లకు కూడా మన దేశంలో సంఘం ఉన్నది, ఫుట్‌బాల్ ప్లేయర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. దాంట్లో చేరాలె. సంఘం లేని కార్మికుని గతి నేను వేరే చెప్పక్కరలేదు.

ఏడోది నాది, ఫిఫాది కాదు. ఐటీఐ బంద్ చేయొద్దు. ఆటగాని కాలు ఎన్ని రోజులు నడుస్తదో డాక్టర్ కూడా చెప్పలేడు. ఫిట్టర్ సర్టిఫికెట్ ఉంటే ఎప్పుడైనా కూడు పెడుతది.

మనుమడు కొంచెం మూతి ముడుచుకున్నడు. వాళ్ల నాయన మాత్రం మొదటిసారి, "ట్రయల్ ఏ దినం?" అని అడిగిండు. ఇద్దరూ కలిసి పోయొచ్చిండ్రు. అక్కడ వాడు ఆడుతుంటే నాయన ఆఫీసులో కూర్చొని నేను రాసిచ్చిన కాగితం చూసి అడిగిండట. మొదటి నాలుగింటికి జవాబు సరిగనే చెప్పిండ్రు. ఐదో ప్రశ్నకు మాత్రం, "అది మీకెందుకు" అన్నరట. ఇంకా సంతకం పెట్టలేదు. పోయిన ఏడు ఆడిన పోరడు ఒకడు జహీరాబాద్ పక్క ఊర్లో ఉన్నడని తెలిసింది. వచ్చే ఆదివారం మేం ముగ్గురం ఆయన దగ్గరికి పోతున్నం.

మీ బస్తీలో పిల్లల టీము ఉంటే, దానికి లెక్క పుస్తకం ఎవరు రాస్తరో, గ్రౌండు ఎవరిదో, మ్యాచ్ రోజు చాయ్ పైసలు ఎవరికి పోతయో మన పత్రికకు రాయండి. అందరం చదివి నేర్చుకుందం.